టైరు మీద అంకె చదవండి

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇ.ఎం.ఇ.లో వెహికల్ మెకానిక్‌గా చేరి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. ఈమధ్య మనవాళ్లు చాలామంది కొండదారుల్లో సైకిలు యాత్రలు మొదలుపెట్టారు, సంతోషం. ఫోన్ చేసి అందరూ అడిగేది ఒకటే: "సాబ్, 26 తీసుకోవాలా, ఇరవై ఏడున్నరా, 29 ఆ?" జవాబు చెప్పేముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

2019 సెప్టెంబరులో ముగ్గురం మనాలి నుంచి లేహ్‌కి బయలుదేరాం. మా ఇద్దరు మిత్రులవి 29 అంగుళాల చక్రాలు. నాది పాత 26. వారిలో ఒకాయన నా దగ్గర పనిచేసిన హవల్దార్, వయసులో నాకంటే పెద్ద. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను ఇప్పటికీ సాబ్ అనే అంటాడు.

బయలుదేరేముందు ఊళ్లో ఒక షాపుకి ఫోన్ చేసి "26 టైరు ఒకటి పంపించండి" అన్నాను. చుట్టి, కట్టి పంపారు. కట్టు విప్పకుండానే బ్యాగులో పెట్టాను.

రోహ్‌తాంగ్, బారాలాచా దాటేశాం. సర్చూ తర్వాత గాటా లూప్స్ అని 21 మలుపుల ఎక్కుడు ఉంది. అక్కడ పదునైన రాయి తగిలి నా వెనక టైరు పక్కగోడ రెండంగుళాల మేర కోసుకుపోయింది. "స్పేరు ఉందిలే" అని ధీమాగా కట్టు విప్పాను. రిమ్ముకు ఎక్కిస్తే వదులుగా వేలాడుతోంది. అప్పుడు చదివాను దాని మీద: 26 × 1⅜. అది మామూలు రోడ్డు సైకిలు టైరు. మిత్రుల 29 స్పేరు నాకు ఎలాగూ పట్టదు.

హవల్దార్ అన్న కాసేపు ఊరుకుని అన్నాడు, "సాబ్, మా అందరి కిట్ మీరు చెక్ చేసేవారు. మీ కిట్ ఎవరు చూశారు?"

కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ పనికిరాని టైరు పక్కగోడ నుంచే చాకుతో ఒక ముక్క కోసి, చిరిగినచోట లోపల అస్తరులా పెట్టి, ట్యూబులో గాలి తక్కువగా కొట్టాం. దిగుడుల్లో నడిపించుకుంటూ మర్నాడు చీకటి పడేవేళకు పాంగ్ చేరాం. నా కోసం వాళ్లకి ఒక రోజు పోయింది. ఆ టైరుతో ముందుకు పోనివ్వమని ఇద్దరూ పట్టుబట్టి నన్ను లారీ ఎక్కించారు. 5,300 మీటర్ల పైచిలుకు తంగ్లాంగ్ లా కనుమను నేను లారీ కేబిన్‌లో కూర్చుని దాటాను.

ఇక అసలు లెక్క. 26, 27.5, 29 అనేవి పిలుపు పేర్లు మాత్రమే. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 57-559 లాంటి అంకె ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. మౌంటెన్ బైకుల్లో 26 అంటే 559, ఇరవై ఏడున్నర అంటే 584, 29 అంటే 622. నాకొచ్చిన 26 × 1⅜ టైరుది 590. పేరు ఒకటే, తేడా 31 మిల్లీమీటర్లు. షాపులో పేరు చెప్పకండి, ఈ అంకె చెప్పండి.

పెద్ద చక్రం రాళ్లమీద, గుంటల్లో సాఫీగా దొర్లిపోతుంది. దూరప్రయాణంలో నడుముకి, చేతులకి ఆ సుఖం తెలుస్తుంది. కానీ అదే గేరులో 29 చక్రం 26 కంటే తొక్కుకి దాదాపు నూటికి తొమ్మిది వంతులు ఎక్కువ దూరం పోతుంది. అంటే ఎక్కుడులో అంత బరువుగా ఉంటుందన్నమాట. కాబట్టి 29 తీసుకునేవాళ్లు ముందు పళ్లచక్రం చిన్నదో, వెనక పెద్దదో ఉండేలా చూసుకోండి. మోకాళ్లు మనవే కదా!

ఎత్తు కూడా చూడాలి. పొడవైనవాళ్లకి 29 బాగుంటుంది. నాలాగ అయిదడుగుల నాలుగంగుళాలవాళ్లకి చిన్న ఫ్రేములో 29 పెడితే హ్యాండిల్ ఎత్తవుతుంది, మలుపులో కాలి బొటనవేలు ముందు చక్రానికి తగలొచ్చు. మాకు ఇరవై ఏడున్నర నయం. 26 ఉన్నవాళ్లు అమ్మేయక్కర్లేదు. కాకపోతే కొత్త బళ్లు ఎక్కువగా పై రెండు సైజుల్లోనే వస్తున్నాయి గనుక మంచి టైర్లు ముందే కొని ఉంచుకోండి.

వెడల్పు సంగతికొస్తే, సామానుతో పోయే రాళ్లదారికి 2.2 అంగుళాలకి తగ్గొద్దు, ఫ్రేములో చోటుందో లేదో చూసుకోండి. బరువు తక్కువని పలచని పక్కగోడ టైరు కొనకండి. నేను కొన్నది అదే. ట్యూబ్‌లెస్‌లో పోసే ద్రవం పల్లేరు ముల్లు, తుమ్మముల్లు చేసిన కన్నాన్ని మూస్తుంది, నా టైరుకి పడినంత కోతను మూయలేదు. అది వాడినా ఒక ట్యూబు, ఒక టైరు ముక్క దగ్గర పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, జట్టంతా ఒకే సైజుతో వెళ్లండి. కాన్వాయ్‌లో ఒకే రకం బళ్లుంటే ఒక బండి స్పేరు ఇంకో బండికి పనికొస్తుందని నేనే ఏళ్ల తరబడి కుర్రాళ్లకి చెప్పాను. నా సైకిలు దగ్గర మర్చిపోయాను.

కనుక ఏ సైజు మంచిదంటే, మీ ఒంటికి సరిపడేది, మీ పక్కవాడి స్పేరుతో కలిసేది. ఆ స్పేరుని ఇంటి దగ్గరే ఒకసారి రిమ్ముకి ఎక్కించి, గాలి కొట్టి, పది కిలోమీటర్లు తొక్కి, అప్పుడు బ్యాగులో పెట్టండి.

ఇప్పుడు మా ముగ్గురివీ ఇరవై ఏడున్నరే. లేహ్ దారి మళ్లీ తొక్కాలని అనుకుంటున్నాం. ఈసారి నా కిట్ హవల్దార్ అన్న చెక్ చేస్తాడు. సంతకం కూడా పెడతానన్నాడు.

సెలవు. జై హింద్.