బంగారానికి అంత విలువ ఎందుకు?
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో అధ్యక్షురాలి ప్రసంగం)



మొన్న గ్రామ సంఘం మీటింగులో ఒక అక్క అడిగింది: "బియ్యం తింటం, చీర కట్టుకుంటం. తినేది కాదు, కప్పుకునేది కాదు, బంగారానికి ఇంత ధర ఏంది?" మంచి ప్రశ్న.

బంగారం తుప్పు పట్టదు. అమ్మమ్మ గాజులు కరిగిస్తే మనవరాలికి కమ్మలైతయి. భూమిలో దొరికేది తక్కువ, తీయడానికి ఖర్చు ఎక్కువ. ఏ దేశంలోనైనా చెల్లుతుంది. సెల్‌ఫోన్లు, కంప్యూటర్లలో కూడా కొంచెం వాడుతరు. అన్నిటికంటే ముఖ్యం, నోట్లు అచ్చేసినట్టు దీన్ని ఎవరూ అచ్చేయలేరు.

1971 దాకా వేరే దేశాల సర్కార్లు 35 డాలర్లు ఇస్తే అమెరికా ఒక ఔన్సు, అంటే 31 గ్రాముల బంగారం ఇచ్చేది. ఆ ఏడాది ఆగస్టులో ఆ పద్ధతి ఆపేసింది. ఇప్పుడు నోటు సర్కారు మీద నమ్మకంతో నడుస్తుంది. ఆ నమ్మకం సడలినప్పుడల్లా జనం బంగారం వైపు చూస్తరు.

మన దేశం కూడా మనలాగే చేసింది. 1991లో డాలర్లు నిండుకుంటే రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారం ఇంగ్లండు, జపాను బ్యాంకుల దగ్గర కుదువ పెట్టి, సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. తర్వాత అప్పు తీర్చింది. 2009లో ఐఎంఎఫ్ దగ్గర 200 టన్నులు కొన్నది.

అట్లని బంగారం ఎప్పుడూ పెరుగుతదనుకోవద్దు. 2013 ఏప్రిల్‌లో రెండు మార్కెట్ రోజుల్లోనే ప్రపంచ ధర పదో వంతు కంటే ఎక్కువ పడింది. పైగా నగ కొంటే మజూరీ, తరుగు, 3 శాతం జీఎస్టీ కడతం. అమ్మేటప్పుడు అవి తిరిగి రావు. బీరువాలో ఉన్న నగ మిత్తి తెచ్చిపెట్టదు.

నా సంగతి చెప్త. బిడ్డ చదువు ఫీజుకు మూడు తులాల పుస్తెలతాడు ఒకాయన దగ్గర 50 వేలకు కుదువ పెట్టిన. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. రెండేళ్లకు మిత్తే 36 వేలు అయింది. కట్టలేకపోయిన, తాడు పోయింది. దాని విలువ అప్పుకంటే ఎక్కువని తెలుసు, కానీ అడుగుదామంటే చేతిలో రసీదు లేదు. అదే సంఘంలో రూపాయి మిత్తికి తీసుకుంటే, అసలు తగ్గకున్నా, రెండేళ్లకు 12 వేలే అయ్యేది.

అందుకే మూడు మాటలు గుర్తు పెట్టుకోండి. హాల్‌మార్కు, దాని ఆరక్షరాల నంబరు చూసి కొనండి. 916 అంటే 22 క్యారెట్లు. కుదువ పెడితే బ్యాంకులోనే పెట్టండి, బరువు రాసిన రసీదు తీసుకోండి. అవసరం వస్తే మెడ తడుముకునే ముందు సంఘాన్ని అడగండి.

బంగారం విలువ నమ్మకం మీద నిలబడ్డది. మన సంఘం కూడా అంతే. నెలనెలా పొదుపు కట్టి, అప్పు టైముకు తీర్చి ఆ నమ్మకం మనమే నిలబెట్టుకుందాం.