ఎవరు చెప్పిండ్రు? ఎక్కడ రాసి ఉన్నది?

(ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



విద్యానగర్ దిక్కు నుంచి ఎన్‌సీసీ గేటు మీదుగా నడుచుకుంటూ వచ్చినం. తార్నాక దిక్కు నుంచి వచ్చినోళ్లు కూడా మస్తుమంది కనబడుతున్నరు. ఇయ్యాల మనల్ని ఎవరూ ఆపలేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నమంటే, 2009 డిసెంబర్ నుంచి 2010 ఫిబ్రవరి దాకా ఈ తొవ్వలల్లనే ముళ్లకంచెలు ఉండె. మేం అప్పుడు ఇక్కడ చదువుకుంటున్న పోరగాళ్లం. చాయ్ తాగుదామని బయటికి పోతే, మళ్లీ మన హాస్టల్‌కు మనం రావడానికి ఐడీ కార్డు చూపియ్యాలె. "ఎందుకు సార్?" అని అడిగితే ఒక్కటే జవాబు: "పైనుంచి ఆర్డర్."

ఆ పైన ఉన్నది ఎవరో గేటు కాడ నిలబడ్డ జవానుకు తెల్వదు. మాకూ తెల్వదు. ఆ ఆర్డర్ కాయితం మాలో ఒక్కడు కూడా చూడలేదు. చివరికి 2010 ఫిబ్రవరిలో క్యాంపస్ నుంచి కేంద్ర బలగాలను తీసెయ్యమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అదే నెల 20న ఎన్‌సీసీ గేటు కాడ సిరిపురం యాదయ్య మంటల్లో కాలిపోయిండు. ఆ గేటు దాటినప్పుడల్లా మాకు అది యాదికొస్తది. ఆ పిల్లగాడు కోరిన రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. కంచె పోయింది. మరి 'పైనుంచి ఆర్డర్' పోయిందా? ఇయ్యాల మన ముచ్చట దాని గురించే.

అధికారం అనంగనే మనకు సెక్రటేరియట్ యాదికొస్తది, తుపాకి యాదికొస్తది. కానీ మనిషి బతుకులో అధికారం రోజూ కలిసేది అక్కడ కాదు. కౌంటర్ కాడ కలుస్తది, గేటు కాడ కలుస్తది, సంతకం కాడ కలుస్తది. "సార్ లేడు, రేపు రా" అనే మాటలో కలుస్తది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడని మన పెద్దలు ఊకెనే అనలేదు.

ఈ యూనివర్సిటీ చరిత్రే చూడుండ్రి. 1918లో మొదలైంది. 1938లో హాస్టల్ ప్రార్థన గదిలో వందేమాతరం పాడొద్దన్నరు. పాడినోళ్లను వెళ్లగొట్టిండ్రు. ఆ పిల్లలు నాగపూర్ పోయి చదువుకున్నరు. వాళ్లల్లో పి.వి. నరసింహారావు కూడా ఒకరు. చూడబోతే చిన్న సంగతే, ఒక గదిలో ఒక పాట. కానీ "నా నోటితో నేనేం పాడాలో నువ్వెట్ల చెప్తవ్?" అన్న ప్రశ్న ఈ మట్టిలో ఎనభై ఏళ్ల కిందనే పుట్టిందన్న మాట.

ఇగ కొలువుల సంగతి. 1919 ఫర్మానాతో ముల్కీ నిబంధనలు వచ్చినయి. 1952లో దొంగ ముల్కీ సర్టిఫికెట్ల మీద పిల్లలు రోడ్డెక్కితే సిటీ కాలేజీ కాడ కాల్పులు జరిగినయి. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషులు ఒప్పందం రాసుకున్నరు. అది అమలు కాకపోతే ఏం చెయ్యాలో ఎవరూ రాసుకోలేదు. 1969లో వందలమంది ప్రాణాలు పోయినయి. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి, అవీ తప్పిండ్రు. తప్పినమని సర్కారే ఒప్పుకుని 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చింది. నిబంధనలకు విరుద్ధంగా వచ్చినోళ్లను 1986 మార్చి 31 లోపు వెనక్కి పంపాలని ఆ జీవోలో ఉన్నది. అంటే మూడు నెలల పని. పదిహేనేళ్లు గడిచినంక, అది ఎందుకు అమలు కాలేదో తేల్చమని 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసిండ్రు!

610 జీవో మనకు నేర్పిన పాఠం ఏంది? చట్టం లేకపోవుడు ఒక అన్యాయం. చట్టం ఉండి, దాన్ని తప్పినోడిని అడిగే తొవ్వ లేకపోవుడు అంతకంటే పెద్ద అన్యాయం. ఒక గుమస్తా పోస్టు మీద మొదలైన కొట్లాట రాష్ట్రం దాకా ఎందుకు పోయిందంటే, నడుమ ఏ తలుపు కొట్టినా తెరుచుకోలేదు గనుక. 2009 అక్టోబర్ 9న హైదరాబాద్ పోలీసు కొలువుల విషయంలో సుప్రీంకోర్టు ఫ్రీజోన్ తీర్పు ఇచ్చేసరికి కుండ నిండిపోయింది. మిగిలిన కథ మీరు చూసిందే.

మిత్రులారా, ఇక్కడిదాకా చెప్తే చప్పట్లు కొడతరు. అదంతా పరాయి పాలన గురించి గనుక. ఇగ చెప్పబోయేది మన గురించి. కొంచెం ఓపికతో వినుండ్రి.

2017 ఫిబ్రవరి 22. నిరుద్యోగుల ర్యాలీ జరగాల్సిన రోజు. తెల్లారకముందే పోలీసులు తార్నాకలో కోదండరాం సార్ ఇంటికి పోయి ఆయనను అదుపులోకి తీసుకున్నరు. మిలియన్ మార్చ్‌కు, సాగరహారానికి మనల్ని పిలిచిన సారు. ఈ క్యాంపస్‌లోనే పాఠం చెప్పిన సారు. ఆయన అడిగింది ఏంది? కొలువుల క్యాలెండర్. అదే ఏడాది ఇందిరాపార్క్ ధర్నాచౌక్ మూసేసిండ్రు. ట్రాఫిక్‌కు అడ్డమన్నరు. ఉద్యమ కాలమంతా మనం కూసున్న జాగ అది. 2018 నవంబర్‌లో హైకోర్టు చెప్తే గానీ మళ్లీ అక్కడ కూసునే హక్కు రాలేదు.

తార్నాకలో ఆర్టీసీ దవాఖాన మీకందరికీ తెలుసు. ఆ దవాఖానకు వచ్చే డ్రైవరన్నలు, కండక్టరక్కలు 2011 సకల జనుల సమ్మెలో బస్సులు ఆపితే మనం వాళ్ల మెడల పూలదండలేసినం. అదే మనుషులు 2019 అక్టోబర్ 5న తమ కోసం బస్సులు ఆపిండ్రు. 52 రోజులు. సుమారు 48 వేలమంది. వాళ్లకు వచ్చిన జవాబు "సెల్ఫ్ డిస్మిస్". అంటే ఎవరూ తీసెయ్యలేదట, వాళ్లంతట వాళ్లే కొలువు నుంచి పోయిండ్రట! నోటీసు లేదు, విచారణ లేదు. ఒక్క మాటతో 48 వేల కుటుంబాల కంచంలో మట్టి కొట్టే అధికారం ఏ కాయితంలో రాసి ఉన్నదని మనలో ఎంతమందిమి అడిగినం?

2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చింది. కొత్త జోన్ల ప్రకారం ఉద్యోగులను పంచుకునుడు. సీనియారిటీయే కొలబద్ద అయింది. స్థానికత కోసం అరవై ఏళ్లు కొట్లాడిన గడ్డ మీద టీచరమ్మ సొంత జిల్లా ఇడిసిపెట్టి పోవాల్సి వచ్చింది. భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా. 610 జీవో ఇరవై ఏళ్లైనా కదల్లేదు. 317 జీవో వారాలలో పరుగెత్తింది. సర్కారు కాళ్లకు బలం లేక కాదు. ఎవరి కోసం నడవాలో అది ముందే అనుకుంటది.

2023 డిసెంబర్‌లో సర్కారు మారింది. 2025 మార్చిలో ఉస్మానియా పాలకవర్గం విభాగాలలో, కాలేజీలలో, పరిపాలన భవనంలో ధర్నాలు చెయ్యొద్దని సర్క్యులర్ ఇచ్చింది. అదే నెలలో హైకోర్టు దాని అమలును ఆపింది. పరాయోడు పోయిండు, మనోడు వచ్చిండు. మనోడు పోయిండు, ఇంకో మనోడు వచ్చిండు. కుర్చీ మాత్రం అదే. కోడలైనప్పుడు ఏడ్చినామే అత్త కాంగనే అదే కట్టె పడితే, తప్పు ఆ ఒక్క మనిషిదే కాదు. ఆ ఇంటి పద్ధతిది.

పద్ధతి అంటే ఏందో ఇంకొంచెం దగ్గరికి వచ్చి చూద్దాం.

మా సోపతిగాడు ఒకడు ఇంజనీరింగ్ అయిపోయినంక సర్టిఫికెట్ల కోసం కాలేజీకి పోయిండు. పేరు చెప్పం, కాలేజీ పేరూ చెప్పం. "రీయింబర్స్‌మెంట్ రాలేదు, పైసలు కట్టి తీసుకపో" అన్నరు. పైసలు ఇయ్యాల్సింది సర్కారు, తీసుకోవాల్సింది కాలేజీ. నడుమ తాకట్టు పడ్డది ఈని పదో తరగతి మెమో. కొలువు ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. బకాయిల కోసం కాలేజీలు 2025 నవంబర్‌లో బంద్ పెట్టినయి. వాళ్లకు బంద్ పెట్టే బలం ఉన్నది. ఇద్దరి కొట్లాటలో నలిగిన పిల్లగాడికి ఏమున్నది? వాళ్ల నాయిన రెండు రూపాయల మిత్తికి తెచ్చి కట్టిండు. ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చట కాదని ఇక్కడ కూసున్నోళ్ల మొఖాలు చూస్తేనే తెలుస్తున్నది.

2021 అక్టోబర్‌లో ఈ నగరం రోడ్ల మీద పిల్లలను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి మాట ఉన్నదా అని చూసిండ్రు. నడిరోడ్డు మీద మనిషి మొఖాన్ని ఫొటో తీసే పద్ధతి మీద ఒక పౌరుడు వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో హైకోర్టు సర్కారుకు నోటీసు ఇచ్చింది. "నేను తప్పు చెయ్యలేదు, చూస్తే ఏమైతది?" అని కొందరంటరు. ఇంటికి తలుపు పెట్టుకున్నది దొంగతనం చేసేతందుకా? ఫోన్ కూడా ఇయ్యాల ఇల్లే. అందులో తల్లితో మాట్లాడిన మాట ఉంటది, దోస్తుతో పంచుకున్న గోస ఉంటది.

ఇగ అందరికంటే దగ్గరి గేటు. మేం అర్ధరాత్రి దాకా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసుని స్వేచ్ఛ గురించి గొంతు చించుకునేటోళ్లం. మా తోటి చదువుకునే అక్కచెల్లెండ్లు చీకటి పడంగనే హాస్టల్ గేటు లోపలికి పోయేటోళ్లు. పోకపోతే వార్డెన్ ఇంటికి ఫోన్ కొడ్తది. లైబ్రరీలో ఇంకో గంట చదువుకుంటనంటే "మీ మంచికే" అంటరు. ఆ ముళ్లకంచె పెట్టినోళ్లు కూడా మన మంచికే అన్నరు గదా! అప్పుడు మాకు ఈ పోలిక తట్టలేదు. మా కంచె మాకు కనబడ్డది, వాళ్ల కంచె కనబడలేదు. సభలలో బతుకమ్మ ఎత్తుమని అక్కలను ముందుకు పిలిచినం. మైకు మాత్రం మా చేతిలోనే ఉండె. ఈ తప్పు ఏ సర్కారుదీ కాదు, మాది. ఇయ్యాల ఒప్పుకుంటున్నం.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలె. 2017లో, 2019లో మా కలాలు ఎంత గట్టిగా రాయాల్నో అంత గట్టిగా రాయలేదు. "మన రాష్ట్రం, కొంచెం టైం ఇద్దాం" అనుకున్నం. కొందరికి కొలువు భయం, కొందరికి మొహమాటం. ఆంధ్రా పాలకుల మీద పేజీలు నింపిన చెయ్యి మనోళ్ల మీద వాక్యం రాయడానికి వణికింది. పరాయోడిని అడుగుడు ధైర్యమే. కానీ పక్కన కూసుని బువ్వ తిన్నోడిని అడుగుడుకు కావాల్సిన ధైర్యం వేరు. అది మాకు తక్కువ పడ్డది.

మరి ఏం చెయ్యాలె? మళ్లీ కొత్త రాష్ట్రం అడగం గదా. మేం చెప్పేది చిన్న పనే. ఏ గేటు కాడ ఆపినా, ఏ కౌంటర్ కాడ తిప్పినా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఎవరు చెప్పిండ్రు? ఎక్కడ రాసి ఉన్నది? నాకు అన్యాయమైతే ఎవరికి చెప్పుకోవాలె? కోపంగా వద్దు, మర్యాదగనే. కాయితం మీద రాసి, తేదీ వేసి, రసీదు తీసుకుని అడుగుదాం.

ఇది మా తెలివి కాదు. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు తీసుకుని, కారణం చెప్పమంటే ప్రజాప్రయోజనాల దృష్ట్యా చెప్పమన్నరు. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు ఏమన్నదంటే, మనిషి స్వేచ్ఛ తీసుకునే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలన్నది. కారణం చెప్పకుండ, ఆ మనిషి మాట వినకుండ చేసేది పద్ధతే కాదన్నది. ఆమె పెద్దింటి బిడ్డ గనుక ఢిల్లీ దాకా పోయింది. కానీ ఆ సూత్రం పదో తరగతి మెమో ఆగిపోయిన మన పిల్లగాడికి కూడా వర్తిస్తది.

2005 అక్టోబర్ 12 నుంచి సమాచార హక్కు చట్టం అమలులో ఉన్నది. ముప్పై రోజులలో జవాబు ఇయ్యాలె. ఇచ్చిండ్రా? 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా మన రాష్ట్ర సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. 2025 మేలో గానీ భర్తీ చెయ్యలేదు. మన చేతిలో ఉన్న ఆయుధానికి తుప్పు పడుతుంటే ఎంతమందిమి పట్టించుకున్నం? దాని మీద ఒక్క రాస్తారోకో అన్నా అయిందా?

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మీరు కౌంటర్‌కు రెండు దిక్కులా ఉంటరు. 317 కాడ మీరు ఇవతల, జనం దరఖాస్తు కాడ అవతల. సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం వదులుకుని నిలబడ్డ మీరు, "సార్ లేడు, రేపు రా" అనే మాటను నోట్లో నుంచి తీసెయ్యలేరా? పని కాకపోతే కాదని చెప్పుండ్రి. ఎందుకు కాదో రాసియ్యిండ్రి. ముసలవ్వకు తిరుగుడు తప్పుతది.

తమ్ముళ్లకు ఇంకో మాట. రేపు మీలో ఒకరు ఇదే ఆఫీసులో సంతకం పెట్టే కుర్చీలో కూసుంటరు. ఇంకొకరు ఖాకీ వేసుకుని గేటు కాడ నిలబడ్తరు. అప్పుడు ఒక పిల్లనో పిల్లగాడో వచ్చి "ఎందుకు సార్?" అని అడుగుతరు. ఆ రోజు మీ నోటికి 'పైనుంచి ఆర్డర్' అన్న మాట అలవాటుగా వస్తది. ఒక్క నిమిషం ఆగి, ఆ ఆర్డర్ ఎవరిదో, ఎక్కడ రాసి ఉన్నదో మీరే మొదలు చూసుకోండ్రి. చూసి, కాయితం ఆ పిల్లల చేతిలో పెట్టుండ్రి.

ఈ సభ అయిపోయినంక మేం మళ్లీ ఎన్‌సీసీ గేటు మీదుగనే విద్యానగర్ పోతం. ఆ తొవ్వలో యాదయ్య యాదికొస్తడు. ఆ పిల్లగాడికి మనం చెప్పాల్సిన జవాబు ఇంకా బాకీ ఉన్నది.

జై తెలంగాణ.