మందారపుష్పము: అందలి సౌష్ఠవము



అమరసింహుడు తన కోశమున దేవతావృక్షములైదింటిలో మందారము నొకటిగా చెప్పినాడు. మన పెరటిలోని ఎర్రమందారము అది కాదు. దీనికి సంస్కృతమున జపాపుష్పమని పేరు, దాసానిపువ్వనియు అందురు. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లినేయసు 1753లో దీనికి ‘హైబిస్కస్ రోజా సైనెన్సిస్’ అను శాస్త్రనామము నిచ్చినాడు. పేరు లెట్లున్నను, పువ్వు నొకమారు చేతికి తీసికొని చూడుడు.

అడుగున సన్నని పచ్చని ఆకుల వలయము. దానిపై ఐదు కొనలుగల గిన్నె. అందులో ఐదు రేకులు. నడుమ నొక పొడవైన గొట్టము. అనేక కేసరముల కాడలు కలిసి ఆ గొట్టమైనవి. దానిలోనుండి కీలము పైకి వచ్చి ఐదుగా చీలి, ఒక్కొక్క కొనయందు చిన్న బొడిపెను దాల్చును. అండాశయమును అడ్డముగా కోసినచో అందును ఐదు గదులే. గిన్నెనుండి గదులవరకు ఐదను లెక్క తప్పలేదు. ముద్దమందారమున మాత్రము కేసరములు రేకులుగా మారుటచే ఈ లెక్క చెదరును.

ఇట్టి పువ్వును నిలువున చీల్చినచో రెండు సగములును అద్దమును, ప్రతిబింబమునువలె సరిపోవునని తోచును. మొగ్గను చూచిన ఆ భ్రమ తొలగును. ప్రతి రేకును ఒక అంచుతో ప్రక్కరేకును కప్పును. దాని రెండవ అంచు మరియొక రేకు క్రింద నుండును. అన్నియు నొకే దిక్కునకు మెలివడును. కావున రేకుల వరుసను ఐదవవంతు త్రిప్పినచో మునుపటివలెనే కనబడును గాని, అద్దములో చూచినచో మెలిక తారుమారగును. ఒకే చెట్టున కొన్ని పువ్వులు కుడికిని, కొన్ని ఎడమకును మెలివడుట మరియొక వింత.

మెలివడిన ఐదు రేకులు, కేసరముల గొట్టము ప్రత్తి, బెండ, గోంగూర పూలయందును కలవు. అవి యన్నియు నొకే కుటుంబమునకు చెందినవి. ఇది వట్టి వినోదము కాదు. బెండకాయను తొలుచు మచ్చలపురుగే ప్రత్తికాయను తొలుచును. ఏ గ్రంథము చదువకయే పురుగు ఈ చుట్టరికము నెరుగును. ప్రత్తిచేని గట్టున బెండ వేయు రైతు దాని నెరుగకున్న, నష్టము పంటకు గదా!

మందారము సాధారణముగా నొక్కదినపు పువ్వు. ఉదయమున విచ్చి సాయంకాలమునకు ముడుచుకొనును. కావున రేపు ప్రొద్దుననే పిల్లలను చెట్టుకడకు కొనిపోయి, కుడిమెలిక పువ్వులెన్నియో, ఎడమమెలిక పువ్వులెన్నియో కోయకుండ లెక్కింపజేయుడు. పిమ్మట వారు గ్రంథాలయమునకు వచ్చి వృక్షశాస్త్రమును తెరచినచో, ప్రతి పుటయు వారికి తెలిసిన చెట్టును గూర్చియే పలుకును.