పురిటింటికి సాయం మనిషి – జర్మనీ ఇన్సూరెన్సు సంగతి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యులలో చాలామందికి కూతురో కోడలో విదేశాలలో ఉన్నారు. కాన్పు అనగానే ఆవకాయ, కారప్పొడులు, పాత చీరల పొత్తిగుడ్డలు సర్దుకుని విమానం ఎక్కడం మనకు ఆనవాయితీ అయిపోయింది. జర్మనీలో పిల్లలున్నవారికి పనికివచ్చే విషయం ఒకటి నాకు అనుభవంలో తెలిసింది. దానిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు.

ప్రసూతి సెలవు మనకు తెలుసు. 1961 చట్టం ప్రకారం ఉన్న 12 వారాల సెలవు, 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలయింది. ఆస్పత్రి బిల్లు రీయింబర్సుమెంటు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. కాని ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక బాలింతకు వండిపెట్టడం, బట్టలుతకడం, పెద్దపిల్లకు అన్నం తినిపించడం – ఇవన్నీ అమ్మ పనో అత్త పనో. వీటికి బిల్లు లేదు, వోచరు అంతకంటే లేదు.

జర్మనీలో ఉంది. ఆ దేశంలో ఆరోగ్య బీమా బిస్మార్కు కాలంలో, 1883లో మొదలైంది. నేటికీ పదిమందిలో సుమారు తొమ్మిదిమంది చట్టం కింద నడిచే ఫండ్లలోనే సభ్యులు. ఈ ఫండును అక్కడ క్రాంకెన్‌కాసె అంటారు. సామాజిక చట్టంలోని ఐదవ భాగంలో 24హెచ్ అనే సెక్షను ఉంది. గర్భం వల్లగాని, ప్రసవం వల్లగాని ఆమె ఇల్లు నడుపుకోలేకపోతే, ఆ ఇంట్లో నివసించే మరొకరు కూడా నడపలేని పరిస్థితి ఉంటే, ఫండు ఇంటి పనికి మనిషిని ఇవ్వాలి. దీనిపేరు హౌస్‌హాల్ట్స్‌హిల్ఫె. ఇందుకు మనం చేతినుంచి కట్టేదేమీ లేదు. వేరే జబ్బు కారణంగా సాయం తీసుకుంటే మాత్రం అది వేరే సెక్షను, రోజుకు 5 నుంచి 10 యూరోలు కట్టాలి. ఈ రెండూ కలగలిపి చెప్పేవారు అక్కడ కూడా ఉన్నారు.

మా అమ్మాయికి రెండవ కాన్పు ఆపరేషను అయింది. పెద్దవాడికి రెండేళ్ళు. అల్లుడు ఉదయం ఏడింటికి వెళితే సాయంత్రం ఆరింటికి వస్తాడు. మేమిద్దరం అక్కడే ఉన్నాం. కాని మా శ్రీమతికి రెండు మోకాళ్ళూ ఆపరేషను అయినవే. కింద కూర్చోలేదు, పిల్లవాణ్ణి ఎత్తుకోలేదు. వాళ్ళుండేది మూడవ అంతస్తు, లిఫ్టు లేదు. నా సంగతి చెప్పాలంటే కాఫీ కలపడం వరకు వచ్చు.

అమ్మాయి డాక్టరు సర్టిఫికెట్టుతో దరఖాస్తు పెట్టింది. పది రోజులలో జవాబు వచ్చింది. ఇంట్లో అమ్మమ్మ ఉన్నది కనుక మంజూరు చేయలేమని! మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను వచ్చి దీనికి సాయం చేయకపోగా అడ్డం పడ్డానండీ" అన్నది. ఆ మాట నాకు బాగా తగిలింది.

ఆడిట్ శాఖలో 34 ఏళ్ళు చేసిన నాకు రూలు మూలంలో చదివితే తప్ప నిద్ర పట్టదు. అమ్మాయి చదివి తెలుగులో చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాను. రూలు అడిగేది ఇంట్లో మనిషి ఉన్నదా అని మాత్రమే కాదు. ఆ మనిషి ఆ ఇంటిలో నివసించేదేనా, ఇల్లు నడపగలదా అని కూడా. మేము 90 రోజుల వీసా మీద వచ్చిన చుట్టాలం. పైగా ఆవిడ చేయలేదు. తిరస్కరించిన ఉత్తరం అందిన నెలలోగా అభ్యంతరం రాసుకునే హక్కు అక్కడ ఉన్నది. దానిని విడర్‌ష్‌ప్రుఖ్ అంటారు. మా వీసా తేదీలు, మా ఆవిడ ఆపరేషను కాగితాలు, అల్లుడి డ్యూటీ వేళలు జతచేసి పంపాం. ఏ ఒక్కటీ దాచలేదు, పెంచి చెప్పలేదు. రెండు వారాలపాటు రోజుకు నాలుగు గంటలు మంజూరైంది.

వచ్చినావిడ యాభై ఏళ్ళ మనిషి, చాలా నెమ్మదస్తురాలు. గిన్నెలు, బట్టలు, బజారు సామాను, పిల్లవాణ్ణి పార్కుకు తీసుకెళ్ళడం అన్నీ చేసింది. పథ్యం వంట మాత్రం మా ఆవిడ కుర్చీలో కూర్చుని సైగలతో నేర్పింది. ఆవిడ వెల్లుల్లి వాసనకు మొదట బెదిరినా, మూడో రోజుకు కారప్పొడి తానే చేసింది.

ఇక పద్ధతి. ముందుగా తెలిసిన కాన్పయితే దరఖాస్తు ముందే పెట్టడం మేలు. డాక్టరు సర్టిఫికెట్టులో కారణం, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు అన్నవి స్పష్టంగా ఉండాలి. ఉత్త "విశ్రాంతి అవసరం" అంటే చాలదు. మామూలుగా ఫండు మూడు వారాలలో, వైద్య పరిశీలన కావాలంటే ఐదు వారాలలో తేల్చాలి. ఫండు దగ్గర మనిషి దొరకకపోతే మనమే ఒకరిని పెట్టుకుని, తగిన మేరకు ఖర్చు రాబట్టుకోవచ్చు. అయితే అమ్మ, అత్త, అక్కచెల్లెళ్ళు వంటి దగ్గరి బంధువులు చేస్తే కూలి ఇవ్వరు. వారి ప్రయాణ ఖర్చు, పోయిన జీతం మాత్రం తగినంత ఇచ్చే వీలుంది. మన పెన్షనర్లకు పోయే జీతం ఎలాగూ లేదు! దారి ఖర్చు సంగతి మాత్రం ముందే ఉత్తరం రాసి అడగండి.

మంత్రసాని సాయం వేరు. ఆమెను హెబామ్మె అంటారు. మొదటి పది రోజులు రోజూ, తర్వాత అవసరాన్నిబట్టి 12 వారాల వరకు ఇంటికి వచ్చి బిడ్డ తూకం, తల్లి కుట్లు, పాలు పట్టడం చూస్తుంది. అది కూడా ఫండు ఖర్చే. గిన్నెలు తోమడం ఆమె పని కాదు. ఈ మంత్రసానులు దొరకడం కష్టం కనుక నెల తప్పిన తొలి రోజులలోనే మాట్లాడుకోవాలి.

ప్రైవేటు బీమా తీసుకున్న పిల్లలకు ఇదంతా వర్తించదు. వారి పాలసీలో ఏముంటే అదే. మీ పిల్లలది ఏ రకమో టిక్కెట్టు కొనకముందే ఫోనులో అడిగి తెలుసుకోండి.

మేము రాసిన అభ్యంతర పత్రం నకలు, దానికి తెలుగులో అర్థం నా వద్ద ఉన్నాయి. కావలసినవారు భోజనాల తర్వాత నన్ను కలిస్తే ఇస్తాను.