బస్సు టైములు తెలిసిన మా క్లాసుమేటు

 

ఇంజనీరువి కదా, ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉద్యోగం దొరకనివాళ్ల గురించి చెబుతాను.

మా తరగతిలో ఒకడుండేవాడు. నంద్యాల నుంచి ఆత్మకూరు పోయే బస్సులు వెలుగోడుకు ఎన్నింటికి వస్తాయో కంఠతా చెప్పేవాడు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం తలెత్తేవాడు కాదు. బడిగంట మోగితే చెవులు మూసుకునేవాడు. పిచ్చోడన్నాం. నేనూ అన్నాను. ఏడో తరగతిలో బడి మానేశాడు. వాడిది ఆటిజమేనా అంటే చెప్పలేను, నేను డాక్టరును కాను. ఆ మాట అప్పట్లో మాకెవరికీ తెలియదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో సైతం అది లేదు.

కొన్నేళ్ల కిందట మా ఆఫీసులో ఇంటర్వ్యూకు ఒక అబ్బాయి వచ్చాడు. ఆటిజం ఉందని దరఖాస్తులోనే రాశాడు. "నీ గురించి చెప్పు" అన్నాను. బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు. నా కాగితం మీద సున్నా వేశాను. పక్కనున్న మేడమ్ ఊరుకోలేదు. మేము పాస్ చేసేసిన డ్రాయింగులు అతని ముందు పెట్టారు. అరగంటలో పదకొండు తప్పులు పట్టాడు. అందులో రెండు నేను సంతకం పెట్టినవే!

ఇప్పుడు అతను మా దగ్గరే పనిచేస్తున్నాడు. అతని కోసం మేం చేసిందల్లా కొంచెమే. పని నోటితో కాక రాసి చెబుతాం. కుర్చీ మార్చం. మార్పేదైనా ఉంటే ముందురోజే చెబుతాం. రాసి చెప్పడం మొదలయ్యాక మిగతావాళ్ల పొరపాట్లూ తగ్గాయి, అది వేరే సంగతి.

అందరూ ఇలా లెక్కల్లో, డ్రాయింగుల్లో దిట్టలని అనుకోకండి. కొందరికి రోజంతా తోడు కావాలి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ మేధోవైకల్యం ఉన్నవారికి పని నేర్పడం మీద 1984 నుంచి కృషి చేస్తోంది. ఎస్‌ఏపీ కంపెనీ 2013లో ఆటిజం ఉన్నవాళ్లను చేర్చుకునే కార్యక్రమం ప్రకటించింది. దాన్ని మొదట పరీక్షించి చూసిన దేశాల్లో మనదీ ఒకటి. 2016 చట్టం ఆటిజాన్ని కలుపుకుని, మరికొన్ని వైకల్యాలతో కలిపి ప్రభుత్వ ఉద్యోగాల్లో 1 శాతం కేటాయించింది. దానికి కనీసం 40 శాతం వైకల్యమున్నట్టు ధ్రువపత్రం ఉండాలి. అయ్యవార్లూ, అలాంటి పిల్లలు మీ తరగతిలో ఉంటే ఆ పత్రం సంగతి తల్లిదండ్రులకు చెప్పండి.

నిన్న బస్టాండులో దిగితే మావాడు కనిపించాడు. జుట్టు నెరిసింది. నా బస్సు పన్నెండు నిమిషాలు లేటన్నాడు. ఈ సభకు పిలుపు అందలేదట. మన జాబితాలో పదో తరగతి పాసైనవాళ్ల పేర్లే ఉన్నాయి. వాడి పేరు చేర్చమని కార్యదర్శిగారికి ఇందాకే చీటీ రాసిచ్చాను.