ఛత్తాబజారు కలాలూ, బొమ్మలు వేసే కంప్యూటర్లూ

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇంటర్ పూర్తిచేసిన ఆడపిల్లలున్న ఇళ్ళలో ఈ మధ్య ఒక వాదన తరచు వినిపిస్తోంది. పిల్లకి బొమ్మలంటే ప్రాణం. డిజైను కోర్సులో చేరతానంటుంది. తండ్రిగారేమో, "బొమ్మలన్నీ ఇప్పుడు కంప్యూటరే వేసేస్తోందట కదా, నువ్వు నేర్చుకుని ఏం చేస్తావు?" అంటారు. మధ్యన నలిగేది తల్లి. ఈవేళ నా మాటలు ముఖ్యంగా ఆ తల్లి కోసం.

ఇలాంటి భయాన్ని మన పాతబస్తీ ఒకసారి చూసే ఉంది. పెళ్ళికార్డుల కోసం మనలో చాలామందిమి ఛత్తాబజారుకు వెళ్ళినవాళ్ళమే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, ఏ భాషలో కావాలన్నా అచ్చు వేసి చేతిలో పెడతారు. ఒకప్పుడు ఆ వీధి కాతిబులకు పేరు. కాతిబు అంటే ఉర్దూని ముత్యాల్లా చేత్తో రాసే లేఖకుడు. మన తెలుగు అక్షరాలను సీసంతో పోతపోసి వరసగా పేర్చుకోవచ్చు. ఉర్దూ వాళ్ళ నస్తాలీఖు రాత అలా లొంగదు. పక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరమూ రూపం మార్చుకుంటుంది. మాట మొత్తం పైనుంచి కిందికి వాలుగా జారుతుంది. అందుకని పత్రికైనా, పుస్తకమైనా ముందు కాతిబు కలంతో రాయాలి, ఆ రాతనే అచ్చుకెక్కించాలి.

1981 ప్రాంతంలో పాకిస్తానుకు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ అనే ఆయన వేలాది అక్షరాల జంటలను, గుత్తులను చేత్తో రాసి యంత్రానికి ఎక్కించారు. ఆ తర్వాత 1994లో మన ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు వచ్చింది. మామూలు కంప్యూటరు ముందు కూర్చుని ఎవరైనా ఉర్దూ కూర్చగలిగారు. పేజీలకు పేజీలు రాసే కాతిబుల పని క్రమంగా పోయింది. చూశారా, ఆ యంత్రంలో కనిపించే అందమంతా ఒక మనిషి చేతి అందమే!

అయితే అంతా పోలేదు. పెళ్ళికార్డు మీద వధూవరుల పేర్లు, పుస్తకం అట్ట మీద శీర్షిక, గోడకు తగిలించే పటం, ఇలాంటివి చేయి తిరిగిన కొద్దిమందికి మిగిలాయి. పోయింది రోజువారీ మామూలు రాత. శిష్యుడి చేయి కుదురుకునేది ఆ మామూలు రాతలోనే కదా! మెట్ల మీద పైమెట్టు ఉంచి కింది మెట్లు ఊడదీసినట్లయింది. తండ్రి కాతిబయినా కొడుకు ఆ వైపు ఎందుకు రాలేదని అడిగితే నాకు తోచే జవాబు ఇదే.

ఇప్పటి సంగతికి వద్దాం. 2022 ఏప్రిల్లో డాల్-ఇ రెండో రూపం, జూలైలో మిడ్‌జర్నీ, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్, నవంబరులో చాట్‌జీపీటీ, ఒక్క ఏడాదిలోనే ఇవన్నీ జనం చేతికి వచ్చాయి. మనకు కావలసింది మాటల్లో చెబితే క్షణాల్లో బొమ్మ వేసి ఇస్తాయి. ఇదేమీ ఇంద్రజాలం కాదు. మనుషులు వేసిన, తీసిన కోట్లాది బొమ్మలను, వాటి కింది వివరణలతో సహా చూపించి వాటికి తర్ఫీదు ఇచ్చారు. మా బొమ్మలు మమ్మల్ని అడక్కుండా ఎలా వాడారని 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు దావా వేశారు. 

గొంతు విషయంలోనూ ఇదే గొడవ వచ్చింది. మన బాలసుబ్రహ్మణ్యం గారు 2020లో కాలంచేశారు. 2023లో వచ్చిన 'కీడా కోలా' చిత్రంలో ఆయన గొంతును యంత్రంతో పుట్టించారని, తమను అడగలేదని కుటుంబం తరఫున ఆయన కుమారుడు నోటీసు పంపారు. ఆ రోజుల్లోనే తమిళ చిత్రం 'లాల్ సలామ్' కోసం రహమాన్ గారు చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడుకున్నారు. వారి కుటుంబాల అనుమతి తీసుకున్నామని, ప్రతిఫలం ఇచ్చామని ఆయనే చెప్పారు. యంత్రం ఒక్కటే, మర్యాదలే వేరు.

పెద్ద పేర్లున్న వాళ్ళకు నోటీసులిచ్చే శక్తి ఉంటుంది. మా వాడలో ఒక అమ్మాయి ఉంది. ఇంట్లో కూర్చునే కార్డులు, దుకాణాల ప్రకటనలు తయారుచేసి ఇచ్చేది. కార్డుకింతని వచ్చేది. ఇప్పుడు అచ్చాఫీసు వాళ్ళు యంత్రం వేసిన బొమ్మ పంపించి, "కాస్త సరిచేసి ఇవ్వమ్మా" అంటూ పావు వంతు ఇస్తున్నారట. "పిన్నిగారూ, ఇరవై నిమిషాల పనే కదా అంటున్నారు. రాత్రి పన్నెండింటిదాకా దీపం ఆర్పటం లేదు ఇది" అని వాళ్ళమ్మ నా దగ్గర వాపోయింది.

ఆ "కాస్త సరిచేయడం" ఏమిటో చూద్దామని ఒక సాయంత్రం ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. బొమ్మ చూడ్డానికి దివ్యంగా ఉంది. కాని 'చి.ల.సౌ.' అన్నచోట ఏ భాషో తెలియని వంకరలు. ఒత్తులు ఒకచోట, అక్షరాలు మరొకచోట. వెనకాల చార్మినారు ఉంది, దానికి మినార్లు అయిదు! 1591 నుంచి నాలుగు మినార్లతో నిలబడి ఉన్న కట్టడానికి అయిదోది మొలిచింది. కార్డు మడత సరిగ్గా పెళ్ళికూతురి ముఖం మీదుగా పోతోంది. అంచున కోతకు వదలవలసిన మూడు మిల్లీమీటర్లు వదల్లేదు. అన్నిటికన్నా చిక్కు బంగారు రంగుది. తెర మీద ధగధగలాడే ఆ బంగారం మామూలు నాలుగు సిరాలతో అచ్చు వేస్తే ఆవపిండి రంగులో వస్తుంది. నిజంగా మెరవాలంటే విడిగా బ్లాకు చేయించి ఫాయిలు అద్దాలి. దాని ఖర్చు వేరు. ఇవన్నీ తెలుసు కాబట్టే ఆ పిల్లకు రాత్రి పన్నెండయింది. అది ఇరవై నిమిషాల విద్య కాదు సుమండీ!

మగ్గం వర్కు చేసేవాళ్ళదీ ఇదే గోలట. యంత్రం వేసిన జాకెట్టు బొమ్మ పట్టుకొచ్చి ఇలాగే కుట్టమంటారు. దారం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముడి పడుతుందో బొమ్మలో ఉండదు, గుడ్డ ఆ బరువు మోస్తుందో లేదో అసలే ఉండదు.

కాబట్టి పిల్లను చేర్చవచ్చా అంటే, చేర్చండనే నేనంటాను. మాసబ్ టాంకు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలి. ప్రైవేటు కాలేజీలు కూడా చాలా వచ్చాయి. ఎక్కడికి వెళ్ళినా ఎన్ని కంప్యూటర్లున్నాయని అడగటం తర్వాత సంగతి. మొదటి ఏడాది ఎదురుగా వస్తువు పెట్టి చేత్తో గీయిస్తారా? అచ్చాఫీసుకు, మగ్గాల దగ్గరకు తీసుకెళ్ళి చూపిస్తారా? పూర్తయిన బొమ్మకేనా, దానికి ముందు వేసిన చిత్తుకాగితాలకు కూడా మార్కులున్నాయా? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగల చోట చేర్చండి. యంత్రం వాడటం కూడా నేర్చుకోనివ్వండి, దాన్ని వద్దనడం నాకు మూర్ఖత్వంగానే తోస్తుంది.

కింది మెట్ల సంగతి మాత్రం కొంతవరకు మన చేతుల్లో ఉంది. ఇంటింటా కార్డుల పని మొదలుపెట్టేది మనమే కదా. బారసాల, గృహప్రవేశం, ఓణీల వేడుక, ఇలాంటి చిన్న కార్డులు తెలిసిన పిల్లలచేత వేయించండి. డబ్బులిచ్చి మరీ వేయించండి. "మన పిల్లే కదా" అని ఒక స్వీటు పెట్టె చేతిలో పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటు, అది మానుకోవాలి. ఆ అమ్మాయి ఇప్పుడు సరిచేసే పనికి గంట లెక్కన అడుగుతోంది. ఒక అచ్చాఫీసు వారు ఒప్పుకున్నారు, ఇంకొకరు మళ్ళీ రాలేదు.

ఇక ఈ మాఘమాసంలో పెళ్ళికార్డులు అచ్చు వేయించేవారు ప్రూఫు చేతికి రాగానే బొమ్మ చూసి మురిసిపోయి సంతకం పెట్టేయకండి. ఇంట్లో పెద్దవాళ్ళచేత ఇంటిపేర్లు, ముహూర్తం అంకెలు, నక్షత్రం పైకి చదివించుకుని వినండి. బంగారు రంగు ఫాయిలా, సిరానా అని అడగండి.