పద్దెనిమిది గుంతలు, ఒక కాగితం

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "మీరు స్కాట్లండు వెళ్ళి వచ్చారు కదా, ఆ విశేషాలు పది నిమిషాలు చెప్పండి" అన్నారు. కోటలు, సరస్సుల గురించి చెప్పడం నాకు చేతకాదు. నేను చూసినవాటిలో మనసులో నిలిచిపోయింది ఒక గోల్ఫ్ మైదానం. నవ్వకండి. కరువు భత్యం బకాయిల సంగతి తరువాతి వక్తలు ఎలాగూ చూసుకుంటారు. నాకు మాత్రం ఈ మైదానం చివర మీ అందరితో ఒక పని ఉంది. అది ఆఖరున చెబుతాను.

గోల్ఫ్ అంటే నాకు ముందు తెలిసింది ఇంతే: హైదరాబాదులో గోల్కొండ నయా కిల్లా దగ్గర బయటినుంచి చూసిన పచ్చిక. అది పెద్ద ఆఫీసర్ల ఆట అనీ, మనలాంటి గుమాస్తాలకు దానితో సంబంధం లేదనీ అనుకునేవాణ్ణి. మా అమ్మాయి, అల్లుడు ఎడిన్‌బరోలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2023 జూన్‌లో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాము. అల్లుడికి ఈ ఆట పిచ్చి. ఒకరోజు పొద్దున్నే, "మామయ్యగారూ, సెయింట్ ఆండ్రూస్ పాత మైదానంలో మాకు లాటరీ తగిలింది. మీరూ రండి" అన్నాడు. గోల్ఫ్‌కు పుట్టిల్లు అని ప్రపంచమంతా చెప్పుకునే మైదానం అది. అక్కడ ఆడటానికి రాజు గారి అల్లుడు కానక్కరలేదు. ఆటలో ఈపాటి స్థాయి ఉందని సర్టిఫికెట్ చూపి, రెండు రోజుల ముందు పేరు ఇచ్చుకుంటే చీట్లు తీస్తారు. సర్టిఫికెట్ అనగానే నాకు ఆ ఊరి మీద గౌరవం కలిగింది.

నేను ఆడేవాణ్ణి కాదు కనుక లెక్క నాకు అప్పగించాడు. ఎన్ని దెబ్బలు కొడితే అన్నీ రాయాలి. ముప్ఫై ఆరేళ్ళు రిజిస్టర్లు రాసినవాడికి ఇది ఒక పనా! మంకీ క్యాపు పెట్టుకుని, జేబులో పెన్సిలుతో బయలుదేరాను. జూన్ నెల అన్నమాటేగానీ ఆ సముద్రపు గాలికి ముక్కు మొద్దుబారింది.

ఆ మైదానం ఎవరో నక్షా గీసి కట్టింది కాదు. సముద్రానికీ సాగుభూమికీ మధ్య మిగిలిపోయిన ఇసుక దిబ్బల నేలను అక్కడ లింక్స్ అంటారు. నాగలికి పనికిరాదు, గొర్రెలకు పనికివస్తుంది. ఆ ఇసుక గోతులు, బంకర్లంటారే, అవి కూడా మొదట గాలికి తట్టుకోలేక గొర్రెలు ఒదిగి పడుకున్న పల్లాలేనని చెబుతారు. చెట్లు లేవు. మన అడవి అంచున పుట్టినవాడికి చెట్టులేని నేల చూస్తే దిగులుగా ఉంటుంది. కానీ కాసేపటికి కన్ను అలవాటు పడింది.

మొదటి గుంత పేరు బర్న్, అంటే వాగు. స్విల్కన్ వాగు సరిగ్గా గుంత ఉన్న పచ్చికకు ముందునుంచి పోతుంది. దాన్ని చూస్తే నాకు నవ్వొచ్చింది. మన కిన్నెరసాని పక్కన పెడితే అది పంటకాలువకు సాటిరాదు. ఆ కాలువలోనే మా అల్లుడి బంతి మునిగింది. దానికి ఒక దెబ్బ జరిమానా. నాలుగు దెబ్బల్లో కావలసిన గుంత ఏడు అయింది. రాశాను.

రెండో గుంతకు వెళ్ళే దారి పక్కన చిన్న మెట్టపల్లాల పచ్చిక ఉంది. దానికి హిమాలయాలు అని పేరు! 1867లో ఆడవాళ్ళు తమ ఆట కోసం ఏర్పాటు చేసుకున్నారట. అక్కడ సర్టిఫికెట్ అడగరు. మరునాడు మా మనవరాలితో నేనూ ఆడి, తొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో ఓడిపోయాను.

ఈ రెండో గుంతలో చీప్ బంకర్ అని ఒక ఇసుక గొయ్యి. చవక అని కాదు, అది ఒక వంశం పేరు. ఆ కథ అల్లుడు చెప్పాడు, నేను తరువాత చదివి సరిచూసుకున్నాను. 1552లో అక్కడి ఆర్చిబిషప్పు జాన్ హామిల్టన్ ఒక పత్రం మీద సంతకం చేశాడు. ఆ నేలలో కుందేళ్ళు పెంచుకునే హక్కు తనకు, అదే నేలలో గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుకునే హక్కు ఊరి జనానికి. మన లెక్కలో చూస్తే అక్బరు పాదుషా పట్టానికి రాకముందటి కాగితం. 1797లో పురపాలక సంఘం అప్పుల్లో కూరుకుపోయి ఆ నేలను వదులుకుంది. కొన్నవాళ్ళు కుందేళ్ళ వ్యాపారులు. మైదానం నిండా కుందేళ్ళు, బొరియలు. ఊరివాళ్ళు పాత పత్రం పట్టుకుని కోర్టుకెక్కారు, బయట కర్రలూ పట్టుకున్నారు. ఇరవై ఏళ్ళపైన నడిచింది గొడవ. 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి ఆ నేలను కొని ఆటను నిలబెట్టాడు. 1894లో పార్లమెంటు చట్టంతో అది తిరిగి ఊరి చేతికి వచ్చింది. 1974 నుంచి ఒక ట్రస్టు చూస్తోంది. మొదటి గుంత వెనక పెద్ద రాతి భవనం ఉన్న క్లబ్బు ఉంది చూడండి, ప్రపంచానికి ఆట నియమాలు చెప్పిన క్లబ్బు, దానికి కూడా ఆ నేల మీద యాజమాన్యం లేదు.

నాకు ఆ మైదానం కంటే ఆ కాగితం మీదే మనసు పోయింది. మూడో గుంతలో అల్లుడు ఎన్ని దెబ్బలు కొట్టాడో మళ్ళీ అడిగి రాయవలసి వచ్చింది.

నాలుగో గుంత పేరు జింజర్ బీర్. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ముసలాయన అక్కడ బండి పెట్టుకుని అల్లం పానీయం అమ్మేవాడట. మన భద్రాచలం కల్యాణానికి గోలీసోడా బండి ఎట్లాగో అట్లా. సోడా అమ్మినాయన సరుకు పేరు ఒక గుంతకు పెట్టి నూటయాభై ఏళ్ళు ఉంచుకున్నారంటే, ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళే.

ఇక్కడ నాకు బాగా నచ్చిన మరో సంగతి. పోయేటప్పటి గుంత, వచ్చేటప్పటి గుంత చాలాచోట్ల ఒకే పెద్ద పచ్చికలో ఉంటాయి. రెండూ పదహారూ ఒకచోట, మూడూ పదిహేనూ ఒకచోట, అయిదూ పదమూడూ ఒకచోట. ఏ జంట కూడినా పద్దెనిమిదే. అలాంటి జంటలు ఏడు. డే బుక్కు, క్యాష్ బుక్కు కలిసినంత సంతోషం కలిగింది నాకు.

ఆరు, ఏడు, ఎనిమిది త్వరగా అయిపోయాయి. తొమ్మిదోదాని పేరే ఎండ్. అక్కడినుంచి మళ్ళీ ఊరివైపు తిరగాలి. నా మోకాళ్ళు అప్పటికే అర్జీ పెట్టుకున్నాయి. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర అక్కడ గాలికి అడ్డంగా కూర్చుని తిన్నాను. అల్లుడి స్నేహితులు ఇద్దరూ తెల్లవాళ్ళు, వాళ్ళూ తిని మిరపకాయ దగ్గర ఆగారు.

పదో గుంతకు బాబీ జోన్స్ అనే అమెరికా ఆటగాడి పేరు పెట్టారు. 1921లో కుర్రవాడిగా వచ్చి, పదకొండో గుంత దగ్గరి ఇసుక గోతిలోంచి బంతిని తీయలేక విసిగి పోటీనుంచి తప్పుకున్నాడు. లెక్క కార్డు చింపేశాడనీ చెబుతారు. 1927లో అదే మైదానంలో గెలిచాడు. 1958లో ఊరివాళ్ళు ఆయనకు పౌరసత్వ గౌరవం ఇచ్చారు. కార్డు చింపినవాడి పేరు గుంతకు పెట్టడం లెక్కలు రాసేవాడిగా నాకు రుచించలేదు గానీ, ఊరివాళ్ళే క్షమించాక నాదేముంది.

పన్నెండో గుంతలో బంకర్లు కొట్టేచోటినుంచి కనిపించవు. పూర్వం ఆ మైదానాన్ని ఎదురు దిశలో ఆడేవారట. అటునుంచి వచ్చేవాడికి కనబడేవి ఇటునుంచి పోయేవాడికి దాగి ఉంటాయి.

ఇక పద్నాలుగు. అక్కడి గొయ్యి పేరు హెల్, నరకం. లోపల దిగితే మా అల్లుడి తల కూడా కనిపించలేదు. 1995లో జాక్ నిక్లాస్ అంతటివాడు ఆ గోతిలో నాలుగు దెబ్బలు పోగొట్టుకుని, ఆ గుంతకు మొత్తం పది రాయించుకున్నాడు. మావాడు ఎంతసేపటికో బయటపడి, ఇసుక దులుపుకుంటూ "ఎనిమిది రాయండి మామయ్యగారూ" అన్నాడు. నేను గట్టుమీద నిలబడి లెక్కపెట్టాను. తొమ్మిది. "బాబూ, గోతిలో ఒక దెబ్బకు బంతి కదలలేదు. అదీ లెక్కే కదా?" అన్నాను. మావాడు ఒక్క క్షణం నావైపు చూసి, "అవును, తొమ్మిదే" అన్నాడు. స్నేహితులు పగలబడి నవ్వారు. నాకు మాత్రం చెప్పలేనంత గర్వంగా ఉంది. సర్వీసంతా ఒక్క అంకె దిద్దలేదు, ఇక్కడ ఎందుకు దిద్దుతాననుకున్నాను.

పదిహేడో గుంత పేరు రోడ్. గుంత వెనకే నిజం రోడ్డు, దాని పక్కన రాతిగోడ. బంతి రోడ్డు మీద పడితే రోడ్డు మీదనుంచే కొట్టాలి, మినహాయింపు లేదు. ముందున్న చిన్న గోతిలో 1978లో నకజిమా అనే జపాను ఆటగాడు చిక్కుకుని ఆ గుంతకు తొమ్మిది దెబ్బలు తీసుకున్నాడు. మా అల్లుడికి ఆరే అయ్యాయి. ఆ రాత్రి ఇంటిదాకా అదే మాట.

పద్దెనిమిదో గుంతకు స్విల్కన్ వాగు మీది చిన్న రాతి వంతెన దాటాలి. ఏడు వందల ఏళ్ళ కిందట గొర్రెల కాపరులు మందలు తోలడానికి కట్టిన వంతెన. ఆ తరువాత ఊరి రోడ్డు ఒకటి మైదానానికి అడ్డంగా పోతుంది. ఒక ముసలామె కుక్కతో తాపీగా నడిచి వెళుతుంటే ఆటగాళ్ళు కర్రలు దించి ఆగారు. మొత్తం నూట నాలుగు దెబ్బలు. నియమం ప్రకారం డెబ్భైరెండు చాలు. కూడి, మళ్ళీ కూడి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఆదివారం అక్కడ ఆట ఉండదు. ఆ రోజు మైదానం ఊరందరిది. మా ఆవిడను తీసుకుని మళ్ళీ వెళ్ళాము. పిల్లలు, కుక్కలు, తోపుడు బళ్ళలో పసివాళ్ళు. పూర్వం ఆడవాళ్ళు ఆ వాగులోనే బట్టలు ఉతికి పొదలమీద ఆరేసేవారట. మా ఆవిడ వంతెన గట్టుమీద కూర్చుని చుట్టూ చూసి, "మన మంద జాగా కూడా ఇట్లనే ఉండేది గదా" అన్నది.

ఆమెది మా ఊరే, మా మేనమామ కూతురు. అడవి అంచున, ఇప్పచెట్ల కింద నాలుగు ఎకరాల పది గుంటల నేల. పహాణీలో గైరాన్ అని ఉండేది. నది దాటితే పహాణీని అడంగల్ అంటారు, అది వేరే సంగతి. పొద్దున ఊరి పశువులన్నీ అక్కడ చేరి అడవికి పోయేవి. మధ్యాహ్నం మేమూ కోయ పిల్లలూ కలిసి చిర్రగోనె ఆడేవాళ్ళం, గుంత తీసి గోలీలు ఆడేవాళ్ళం. 1978లో ఒక ఆఫీసు గోదాముకు స్థలం కావాలని ఫైలు నడిచింది. ఆఫీసు పేరు చెప్పను. నోట్ రాసింది నేను. "సదరు భూమి ఖాళీగా ఉన్నది, గ్రామస్థుల ఉపయోగంలో లేదు" అని రాయమన్నారు, రాశాను. ఇరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, ప్రమోషను దగ్గర్లో ఉంది. రెండు ఎకరాల ఇరవై గుంటలకు ముళ్ళకంచె పడింది. మా మామ వచ్చి, "ఎవరు రాసిన్రు రా ఈ మాట?" అని అడిగితే, తెలియదన్నాను. ఆయన 1991లో పోయారు.

అంకె దిద్దలేదని పద్నాలుగో గుంత దగ్గర గర్వపడ్డాను చూడండి. ఆ వంతెన మీద మా ఆవిడకు ఈ సంగతి చెప్పాను. నలభై అయిదేళ్ళలో మొదటిసారి. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మా నాయినకు తెలవదన్నవు గదా" అన్నది. ఇంటికి తిరిగి వచ్చేదాకా నాతో పెద్దగా మాట్లాడలేదు.

తిరిగి వచ్చాక సమాచార హక్కు చట్టం కింద ఆ ఫైలు నకలు అడిగాను. మూడు నెలలకు వచ్చింది. నా చేతిరాతే. అప్పట్లో నా రాత బాగుండేది.

గోదాము కూలి చాలా కాలమైంది. కంచె ఉంది, లోపల సర్కారు తుమ్మ పెరిగింది. బయట మిగిలిన ఎకరం ముప్ఫై గుంటల మీద కూడా ఇప్పుడు కొందరి కన్ను పడింది. ఊరి కుర్రవాళ్ళు అక్కడే వాలీబాల్ ఆడుతున్నారు. మొత్తం నేలను తిరిగి గ్రామ ఉమ్మడి భూమిగా రాయమని దరఖాస్తు తయారుచేశాను. మాది షెడ్యూల్డు ప్రాంతం కనుక ఉమ్మడి వనరులను కాపాడుకోమని గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం ఇచ్చిన అధికారం ఉంది. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి ఊళ్ళకు అప్పగించమని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. మనం ఈ రోజు పండుగ చేసుకుంటున్నదీ 1982 నాటి నకారా కేసు తీర్పు వల్లనే కదా. దరఖాస్తుతోపాటు, 1978లో నేను రాసిన వాక్యం నిజం కాదని నా సంతకంతో ప్రమాణపత్రం జతచేస్తున్నాను. పెన్షన్‌కేమైనా ఇబ్బంది వస్తుందా అని ఒక మిత్రుడు అడిగాడు. వస్తే రానీ అన్నది మా ఆవిడ. దరఖాస్తు మీద ఆమె కూడా సంతకం చేసింది.

ఇప్పుడు మీతో పని. కంచెపడక ముందటి పహాణీ నకలు నాకు దొరకలేదు. 1986 ఆగస్టు వరదలో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చినప్పుడు తడిసిన కట్టల్లో అదీ పోయిందని చెబుతున్నారు. 1970 నుంచి 1985 దాకా ఆ తాలూకా సెక్షన్లలో పనిచేసినవారు ఈ హాలులో కనీసం ఆరుగురు కనిపిస్తున్నారు. ఎవరి ఇంట్లోనైనా పాత నకళ్ళు, జమాబందీ కాగితాలు, కనీసం సర్వే నంబర్లు రాసుకున్న డైరీ ఉంటే దయచేసి చూడండి. భోజనాల దగ్గర కుడివైపు చివరి బల్ల మీద కూర్చుంటాను. దరఖాస్తు నా సంచీలోనే ఉంది.